ఆరోగ్య బీమా - కష్టజీవి యింటి లెక్క

మైదుకూరు నాలుగు త్రోవలు కలియు ఊరు. ఒక త్రోవ దక్షిణముగా కడపకు, ఒకటి పడమరగా ప్రొద్దుటూరికి, ఒకటి తూర్పుగా బద్వేలికి, ఒకటి ఉత్తరముగా ఆళ్లగడ్డ మీదుగా నంద్యాలకు పోవును. పసుపు, ఉల్లి, వరి ఈ త్రోవల వెంబడి లారీలలో పోవుచుండును. వానితోపాటు రోగులును పోవుచుందురు. జ్వరము, దగ్గు, కాన్పు వంటివి ఊరిలోనే తీరును. అంతకు మించినచో ప్రొద్దుటూరు. దానికిని మించినచో కడప. అక్కడను కుదురనిచో కర్నూలు, తిరుపతి, వేలూరు. జబ్బు ఎంత పెద్దదో బస్సు టిక్కెట్టు ధరను బట్టియే చెప్పవచ్చును. అయితే ఆ టిక్కెట్టు ధరను వైద్యపు ఖర్చులో చేర్చి వ్రాసికొనువారు మాత్రము అరుదు.

గత పదునెనిమిది పందొమ్మిది సంవత్సరములలో మన రాష్ట్రమున ఆరోగ్య బీమా పలుమారులు మారినది. పేర్లు మారినవి, పరిమితులు పెరిగినవి, చికిత్సల పట్టిక పొడవైనది. ప్రభుత్వము ఎంత వ్యయము చేసెనన్నది ఒక లెక్క. చికిత్స ముగిసి యింటికి వచ్చిన పిమ్మట ఆ యింటిలో ఎంత మిగిలెనన్నది వేరొక లెక్క. మొదటి లెక్కను గూర్చి పత్రికలలో చాలినంత వచ్చుచున్నది. రెండవదానిని గూర్చి ఈనాడు కొంత ముచ్చటింతము.

ముందుగా బీమా యన నేమో తేల్చికొనవలెను. చీటీపాట తెలియని యిల్లు మన ప్రాంతమున లేదు. ఇరువదిమంది కలిసి నెలకు వేయి రూపాయల వంతున వేసికొందురు. పాట పాడినవాడు ఆ నెల సొమ్ము తీసికొనును. చీటీ ముగియునప్పటికి ప్రతివానికిని తన వంతు ముట్టును. బీమాయును పదిమంది సొమ్ము ఒకచోట చేర్చుటయే. కాని చీటీలో వేసినవారి కందరకును తిరిగి వచ్చును. బీమాలో కష్టము వచ్చినవానికే వచ్చును. వేయి కుటుంబములు తలకొక వేయి రూపాయలు చెల్లించినవనుకొందము. పది లక్షలాయెను. ఆ యేట పది కుటుంబములకు పెద్దజబ్బు చేసి, ఒక్కొక్కదానికి లక్ష రూపాయలు కావలసి వచ్చినచో, ఆ పది లక్షలును సరిపోయినవి. తక్కిన తొమ్మిదివందల తొంబది కుటుంబములకు పైసాయైనను రాలేదు. 'అయిదేండ్లు కట్టితిని, ఒక్క రూపాయియు రాలేదు' అని వగచువాడు నిజమునకు ఆ వేయిమందిలో అదృష్టవంతుడు. ఇంత చిన్న సంగతియు అర్థము కాకపోవుటచేతనే మనవారిలో ననేకులు రెండేండ్లు కట్టి మానివేయుచున్నారు.

ఈ వేయి రూపాయలు ఎవరు చెల్లింపవలె నన్నదే అసలు ప్రశ్న. మనిషి తానే చెల్లించిన అది ప్రైవేటు బీమా. యజమానియు పనివాడును కలిసి చెల్లించిన అది కార్మిక రాజ్య బీమా. జనులు దానిని ఇ.యస్.ఐ. అందురు. ప్రభుత్వమే చెల్లించినచో అది ఆరోగ్యశ్రీ వంటి పథకము. మైదుకూరులో ఒకే వీధిలో ఈ మూడు తరగతులవారును కలరు. ఏ తరగతిలోను చేరనివారును కలరు.

2007వ సంవత్సరమునకు ముందు గుండెజబ్బో, క్యాన్సరో, మూత్రపిండముల వ్యాధియో సంభవించినచో కూలివాని యెదుట మూడు త్రోవలే యుండెడివి. ప్రభుత్వపు పెద్దాసుపత్రిలో వంతుకై కాచియుండుట ఒకటి. అప్పు చేయుట రెండవది. ఏమియు చేయక ఊరకుండుట మూడవది. ఈ మూడవదానికి బిల్లు లేదు, రశీదు లేదు. కావున అది ఏ లెక్కలోను ఎక్కలేదు. రెండవ త్రోవ పట్టినవారు ఆడువారి మెడలోని బంగారమును ప్రొద్దుటూరి అంగళ్లలో తాకట్టు పెట్టుటతో మొదలుపెట్టి, అది చాలనిచో నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి నోటు వ్రాసియిచ్చుచుండిరి. ఏబది వేల అప్పునకు నెలకు వేయి రూపాయలు వడ్డీ. అసలు అట్లే యుండగా, ఇంటిలో ఒకరి కూలిలో చాల దినములది నెలనెలా వడ్డీకే పోవును. ఆపైని బోరు ఎండిన యేడు వచ్చినచో గోరుచుట్టుపై రోకటిపోటే.

ఆ దినములలో ముఖ్యమంత్రి సహాయనిధికి అర్జీలు కుప్పలు తెప్పలుగా వచ్చుచుండెను. 2004 మే నుండి 2007 జూను వరకు సుమారు 55 వేలమందికి 168 కోట్ల రూపాయలకు పైగా ఆ నిధినుండి ముట్టినట్లు ప్రభుత్వపు లెక్క. భాగించి చూచిన తలకు సగటున 30 వేల రూపాయలు. ఆ సాయము పెద్దదే, కాని అది దయచేసి యిచ్చునది. శాసనసభ్యుని ఉత్తరము సంపాదింపగలవానికి దొరకును, సంపాదింపలేనివానికి దొరకదు. దానిని అడుగదగిన ఏర్పాటుగా మార్చుటయే ఆరోగ్యశ్రీ చేసిన మొదటి పని. అప్పటి ముఖ్యమంత్రి వై.యస్. రాజశేఖరరెడ్డిగారు ఈ జిల్లాలోని పులివెందులవారు, స్వయముగా వైద్యులు, జమ్మలమడుగు మిషను ఆసుపత్రిలో పనిచేసి, 1973లో పులివెందులయందు తండ్రిపేర ఆసుపత్రి నెలకొల్పినవారు. 2007 ఏప్రిలు 1వ తేదీన మహబూబునగరు, అనంతపురము, శ్రీకాకుళము అను మూడు వెనుకబడిన జిల్లాలలో పథకము ప్రారంభమైనది. 2008 నాటికి కడపతో సహా రాష్ట్రమంతటను వ్యాపించినది. తెల్లకార్డుగల కుటుంబమునకు ఏటికి లక్షన్నర, అవసరమైనచో మరి యేబదివేలు, వెరసి రెండు లక్షల వరకు చికిత్స. ప్రీమియము ప్రభుత్వమే ఒక బీమా సంస్థకు చెల్లించెడిది. పిమ్మట సంస్థను తప్పించి, ప్రభుత్వ ట్రస్టే ఆసుపత్రులకు నేరుగా చెల్లించు పద్ధతి వచ్చినది.

ఆనాటినుండి ఏ ప్రభుత్వము వచ్చినను పథకమును తీసివేయుటకు సాహసింపలేదు. 2014 తరువాత ఎన్.టి.ఆర్. వైద్యసేవ యను పేరు వచ్చి పరిమితి రెండున్నర లక్షలైనది. 2019లో మరల పేరు మారి, ఏటికి అయిదు లక్షల లోపు ఆదాయముగల కుటుంబములన్నియు అర్హములైనవి. ఆ సంవత్సరము నవంబరునుండి హైదరాబాదు, బెంగుళూరు, చెన్నపట్టణములలోని కొన్ని ఆసుపత్రులలోను చికిత్స దొరకసాగినది. బిల్లు వేయి రూపాయలు దాటిన చికిత్సలను పట్టికలో చేర్చు ప్రయత్నము 2020 జనవరిలో పశ్చిమగోదావరి జిల్లాలో మొదలైనది. 2023 డిసెంబరులో పరిమితిని 25 లక్షలకు పెంచిరి. 2024లో ఎన్.టి.ఆర్. పేరు తిరిగి వచ్చినది.

ఇందులో దేనివలన సామాన్యుని యింటికి ఎక్కువ మేలు కలిగినది? పత్రికలలో పెద్ద అక్షరములతో పడినది 25 లక్షల సంగతి. నా యెన్నికలో మాత్రము వేయి రూపాయల సంగతియే పెద్దది. అయిదు లక్షలు దాటు చికిత్స అవసరమగు కుటుంబములు కొలదిగా నుండును. అట్టివారికి ఆ పెంపు ప్రాణదానమే, సందేహము లేదు. కాని కాలు విరిగినవాడు, పిత్తాశయమున రాయి యేర్పడినది, పిల్లవానికి డెంగ్యూ జ్వరము వచ్చిన తల్లి - వీరు ఊరూర నుందురు. పదునైదు ఇరువది వేల బిల్లు వీరి నడుము విరుచును. ఇంటి పైకప్పు ఎంత ఎత్తున నున్నదో చూచి మెచ్చుకొనుటకు ముందు గడప ఎంత ఎత్తున నున్నదో చూడవలెను; ముసలివారు, పసివారు దాటలేని గడపయైనచో పైకప్పు ఎత్తు వారి కెందులకు? తిరుమలకు గడప యగుటచేతనే కడపకు ఆ పేరు వచ్చెనని చెప్పుకొను మన జిల్లావారికి ఈ మాట త్వరగా అర్థమగును.

ఇప్పుడు ఒక యింటి లెక్క వేసి చూతము. ఇది ఊహించి వేయు లెక్కయే. ఎవరి కుటుంబమును కాదు. మైదుకూరు పసుపు వ్యాపారుల కొట్లలో మూటలు మోయు ఒక హమాలీ యున్నాడనుకొనుడు. పని దొరికిన దినమున అయిదువందలు, నెలకు ఇరువదియైదు దినములు పని. భార్య పొలము పనులకు పోవును, పసుపు త్రవ్వకము, ఉల్లి కోత, కలుపు తీత, దినమునకు మూడువందలు. (2025-26లో ఉపాధి హామీ పథకమున మన రాష్ట్రపు కూలి దినమునకు 307 రూపాయలుగా నుండెను, కావున ఈ అంకె గాలిలోనుండి తీసినది కాదు.) ఒకనాడు మూట ఎత్తుచుండగా అతనికి రొమ్ములో నొప్పి వచ్చినది. ఊరిలో ఇద్దరు వైద్యులకు చూపించిరి, ఇ.సి.జి., నెత్తురు పరీక్షలు, మందులు. ఆపైని ప్రొద్దుటూరికి పోయి మరికొన్ని పరీక్షలు. ఇవన్నియు పథకమునకు వెలుపలివే. అయిదువేలు సొంత సొమ్ము పోయినది. గుండె రక్తనాళము పూడినదని తేలినది. పథకమున చేరిన పెద్దాసుపత్రికి తీసికొనిపోయిరి. అక్కడ స్టెంటు వేసిరి. చేతినుండి రూపాయి పుచ్చుకొనలేదు.

ఇది చిన్న సంగతి కాదు. ఒకప్పుడు మందుపూత గల స్టెంటు ఒక్కటియే లక్ష రూపాయల పైచిలుకు ధరకు అమ్ముడగుచుండెను. 2017 ఫిబ్రవరిలో జాతీయ ఔషధ ధరల సంస్థ దాని గరిష్ఠ ధరను 29,600 రూపాయలకు కట్టడి చేసినది. అంతటితో ఆసుపత్రి బిల్లు తీరదు గదా. వైద్యుని రుసుము, గది, థియేటరు, మందులు అన్నియు కలిసి లక్ష దాటుట సాధారణము. పథకము లేకున్నచో ఆ హమాలీ యింట అర ఎకరమో, పుస్తెలో పోయి యుండెడివి. అవి నిలిచినవి.

ఇక నిలువనిది చూతము. వైద్యుడు మూడు నెలలు బరువు ఎత్తవద్దనెను. హమాలీకి బరువు ఎత్తకుండుట యనగా పని లేకుండుటయే. నెలకు పండ్రెండువేల అయిదువందల వంతున మూడు నెలలకు 37,500 రూపాయలు. భార్య ఇరువది దినములు పనికి పోలేదు, 6,000. రాకపోకలు, తోడున్నవారి భోజనములు 4,000. ముందు చెప్పిన పరీక్షలు 5,000. రక్తము గడ్డకట్టకుండుటకు, కొవ్వు తగ్గుటకు, రక్తపు పోటునకు మాత్రలు నెలకు 1,200 చొప్పున ఏడాదికి 14,400. కూడిన 66,900 రూపాయలు. ఇది రెండు రూపాయల వడ్డీకి తెచ్చినచో నెలకు 1,338 రూపాయలు వడ్డీయే. లక్ష రూపాయల బిల్లు పూర్తిగా మాఫీయైన యింటిలోనే ఇంత అప్పు పుట్టినది. బీమా వట్టిదని దీని భావము కాదు. అది యొక ద్వారమును మాత్రము మూసినదనియు, మిగిలిన ద్వారములనుండి సొమ్ము కారిపోవుచునే యున్నదనియు తెలిసికొనవలెను.

ఈ అంకెలలో అన్నిటికంటె పెద్దది ఏదియో మరల చూడుడు. అది మందు కాదు, గది కాదు, బస్సు కాదు, పోయిన కూలి. విచిత్రమేమనగా, ప్రపంచమున ఆరోగ్య బీమా పుట్టినది ఈ పోయిన కూలి కొరకే. 1883లో జర్మనీ దేశమున బిస్మార్కు ప్రభుత్వము చేసిన చట్టము ప్రకారము జబ్బుపడిన కార్మికునకు పదమూడు వారముల వరకు కూలిలో సగము ఇచ్చుచుండిరి. వైద్యము, మందులు దానితోపాటు వచ్చెడివి. 1911లో ఆంగ్లదేశమున చేసిన చట్టమునందును జబ్బుపడిన మగవానికి వారమునకు పది షిల్లింగులు ఏర్పరచిరి. శస్త్రచికిత్సలు ఇంత ఖరీదు కాని ఆ కాలమున, జబ్బు యొక్క అసలు ధర కూలి పోవుటయేనని వారు గుర్తించిరి. మన దేశమున 1944లో అడార్కరు ఇచ్చిన నివేదికనుబట్టి 1948లో కార్మిక రాజ్య బీమా చట్టము వచ్చెను. 1952 ఫిబ్రవరి 24వ తేదీన కాన్పూరులో నెహ్రూగారు దానిని ప్రారంభించిరి. ఆ బీమాలో నున్నవానికి జబ్బు చేసినచో, చందా నియమములు తీరియుండిన, ఏటికి 91 దినముల వరకు కూలిలో నూటికి 70 వంతులు దొరకును. మన హమాలీ అందులో నుండిన, పోయిన 37,500లో ఇరువదియారు వేలకు పైగా తిరిగి వచ్చియుండును.

కాని అతడు అందులో లేడు. పదిమందియో అంతకు మించియో పనిచేయు సంస్థలలో, నెలకు 21,000 రూపాయలు మించని జీతగాండ్రకే ఆ యేర్పాటు. జీతముపై పనివాడు నూటికి ముప్పాతిక రూపాయి, యజమాని మూడుంబాతిక రూపాయి చెల్లింతురు. 2019 జూలైకి పూర్వము ఇవి ఒకటి ముప్పాతిక, నాలుగు ముప్పాతికగా నుండెను. ఎఱ్ఱగుంట్ల సిమెంటు కర్మాగారములలో పనిచేయువానికి ఇది వర్తింపవచ్చును. మైదుకూరు బట్టల కొట్టులో నలుగురు గుమాస్తాలలో నొకనికి వర్తింపదు. 2025 నవంబరు 21వ తేదీన అమలులోనికి వచ్చిన సాంఘిక భద్రతా స్మృతి ప్రకారము, పదిమంది కంటె తక్కువగా నున్నచోట్లను యజమానియు పనివారిలో ఎక్కువమందియు సమ్మతించినచో చేరవచ్చును. సమ్మతింపవలసిన యజమాని చందాలో ఎక్కువ వంతు తానే చెల్లింపవలసినవాడు. ఈ ఏర్పాటు ఎంతవరకు సాగునో చూడవలసియున్నది.

రాష్ట్ర ప్రభుత్వమును ఈ లోటు గుర్తింపలేదని చెప్పుట న్యాయము కాదు. 2019 డిసెంబరులో ఆరోగ్య ఆసరా యను పేర, శస్త్రచికిత్స తరువాత విశ్రాంతి కాలమునకు దినమునకు 225 రూపాయల వంతున, నెలకు 5,000 మించకుండ ఇచ్చు ఏర్పాటు చేసిరి. ఆ లెక్కను మన హమాలీకి మూడు నెలలకు ఎక్కువలో ఎక్కువ 15,000 రూపాయలు. కూలి సగమునకు తక్కువే. కాని గింజలకును నూనెకును సరిపోవును, వడ్డీవాని గుమ్మము తొక్కు దినమును వెనుకకు నెట్టును. చికిత్సకంటె చిన్నదిగా కనబడు ఈ సాయమే పథకములో నాకు మిక్కిలి తెలివైనదిగా తోచినది. పేర్లు మారునప్పుడు ఇట్టి చిన్న అంగములు మొదట జారిపోవును. జనులు అడుగవలసినది వీనిని గూర్చియే.

రెండవ ద్వారము దినదినపు మందులది. చక్కెర వ్యాధి, రక్తపు పోటు ఉన్నవాడు ఆసుపత్రిలో పడుకొనడు. నడచుచునే యుండును, పని చేయుచునే యుండును, నెలనెలా మందుల కొట్టులో చెల్లించుచునే యుండును. బీమాలలో ఎక్కువభాగము మంచమెక్కినవానినే రోగిగా ఎంచును. దేశపు మొత్తము ఆరోగ్య వ్యయములో జనులు తమ జేబులనుండి చెల్లించు భాగము 2013-14లో నూటికి 64 వంతులుండగా 2021-22 నాటికి 39 వంతులకు దిగినట్లు జాతీయ ఆరోగ్య లెక్కలు చెప్పుచున్నవి. దిగుట సంతోషకరమే. మిగిలిన ఆ 39లో పెద్దభాగము ఆసుపత్రిలో చేరకయే కొను మందులకును పరీక్షలకును పోవుచున్నది.

దీనికి మందు లేకపోలేదు. 2005-06లో కేంద్రప్రభుత్వము చేనేతవారికై ఏర్పరచిన ఆరోగ్య బీమాను ఉదాహరణగా తీసికొనుడు. మన జిల్లాలో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, మాధవరము మొదలగు తావుల మగ్గము నమ్ముకొన్న కుటుంబములు వేలు కలవు. ఆ బీమాలో కుటుంబమునకు ఏటికి మొత్తము 15,000 రూపాయలే. కాని అందులో సగము, అనగా 7,500, ఆసుపత్రిలో చేరకుండ చేయించుకొను వైద్యమునకు కేటాయించిరి. మొత్తము చిన్నది, గుండె శస్త్రచికిత్సకు ఏమాత్రమును చాలదు. అయినను మగ్గపు గుంతలో కూర్చుండి కీళ్లనొప్పులతోను చూపు తగ్గుటతోను బాధపడు నేతగానికి ఏ సాయము నిత్యమును కావలెనో ఆ ఏర్పాటు చేసినవారికి తెలిసియుండెను. ఆ పథకము ఇప్పుడా రూపమున లేదు. అందలి ఆలోచన మాత్రము ఇరువదియైదు లక్షల పథకము ప్రక్కన నిలుపదగినదే. అంతవరకు కూలివాని చేతిలో నున్నవి రెండు: ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున ఉచితముగా ఇచ్చు చక్కెర, రక్తపు పోటు మాత్రలు, జన ఔషధి అంగళ్లలో తక్కువ ధరకు దొరకు మాత్రలు. పై లెక్కలోని 1,200 రూపాయలు వీనివలన సగమునకు దిగినను ఆశ్చర్యము లేదు. వైద్యుని 'ఈ మందు యొక్క అసలు పేరు వ్రాసియిండు' అని అడుగుటకు మనవారు జంకుదురు. జంకవలసిన పని లేదు.

ఇంక గట్టుమీద నిలిచినవారు కలరు. కార్డునకు అర్హత లేదు; ఇ.యస్.ఐ. లేదు, సర్కారు ఉద్యోగము లేదు. చిన్న హోటలు నడుపువాడు, ఎరువుల అంగడివాడు, రెండు లారీలున్నవాడు. బీదవాడు కాడనుటచేత సాయమునకు దూరము. ధనికుడు కాడు గనుక ఒక్క జబ్బుతో బీదవాడగును. ఇట్టివారికి ప్రైవేటు బీమాయే దిక్కు. ఇటీవలి మార్పులు కొన్ని వీరికి మేలు చేసినవి. 2025 సెప్టెంబరు 22 నుండి వ్యక్తులును కుటుంబములును తీసికొను ఆరోగ్య బీమాపై నూటికి 18 వంతుల జి.యస్.టి. తొలగినది, అనగా ఇరువదివేల ప్రీమియముపై మూడువేల ఆరువందల పన్ను పోయినది. 2024 ఏప్రిలునుండి, ముందే యున్న జబ్బునకు బీమా వర్తించుటకు వేచియుండవలసిన గరిష్ఠ కాలము నాలుగేండ్లనుండి మూడేండ్లకు తగ్గినది. అయిదేండ్లు ఎడతెగక కట్టినవాని క్లెయిమును, మోసము ఋజువైననే తప్ప, పాత జబ్బు చెప్పలేదని త్రోసిపుచ్చరాదు.

అయినను కాగితములలోని చిన్న అక్షరములు చదువక సంతకము చేసి నష్టపోవువారే ఎక్కువ. ఒక్క విషయము చెప్పెదను. మూడు లక్షల పాలసీలో గది అద్దె దినమునకు నూటికొక వంతు, అనగా మూడువేలు మించరాదని నియమమున్నదనుకొనుడు. రోగిని ఆరువేల గదిలో చేర్చిరి. హెచ్చైన మూడువేలు మాత్రమే మనము పెట్టుకొనవలెనని ఎల్లరును భావింతురు. కాదు. గది నియమమునకు రెట్టింపు గనుక, వైద్యుని రుసుము, థియేటరు ఖర్చు మున్నగువానిలోను సగమే సంస్థ చెల్లించును. మందులు, పరీక్షలు మాత్రము ఈ కోతకు వెలుపల. పెద్ద గదిలో రెండు దినముల సుఖమునకు ఇంటివారు ఏబదివేలు చెల్లింపవలసి వచ్చును. గది అద్దె పరిమితి లేని పాలసీకి ప్రీమియము కొంత హెచ్చైనను అదియే చౌక. చక్కెర వ్యాధి యున్నచో దాచక వ్రాయవలెను. ఏజెంటు 'ఏమియు లేదని వ్రాయుడు' అన్నను వినరాదు, క్లెయిము నాడు అతడు కనబడడు.

2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గము ఆమోదించిన నూతన విధానము ఈ గట్టుమీది వారిని గూడ లోనికి తీసికొనదలచినది. రెండున్నర లక్షల వరకు చికిత్సను బీమా సంస్థద్వారా అన్ని కుటుంబములకును, అంతకుమించి 25 లక్షల వరకు బీదవారికి ట్రస్టుద్వారాను జరుపుట దాని సారాంశము. మొదట సంస్థ, పిమ్మట ట్రస్టు, ఇప్పుడు రెండును. దీనిలో ఇంటి లెక్కకు సంబంధించిన మెలిక యొకటి కలదు. ట్రస్టు చెల్లింపులు ఆలస్యమైనచో ఆసుపత్రులు ఊరకుండవు. 2025 అక్టోబరులో ప్రైవేటు ఆసుపత్రుల సంఘము బకాయిలకై సేవలను నిలిపివేసిన సంగతి అందరకును తెలిసినదే. అట్టి దినములలో రోగిని తెచ్చినవానికి రెండే మార్గములు: చేతి సొమ్ము కట్టుట, వేరొక యూరికి పోవుట. రెండవదానికి మరల బస్సు, మరల భోజనములు, మరల కూలి నష్టము. అమరావతిలో నిలిచిన చెక్కునకు వడ్డీ మైదుకూరులో కట్టవలసి వచ్చును. సంస్థ వచ్చినచో చెల్లింపు త్వరపడునని చెప్పుచున్నారు. సంస్థ లాభము చూచుకొనునది గనుక అనుమతులలో బిగువు చూపునేమో యను శంకయు తీసివేయదగినది కాదు. ఎన్ని దినములలో అనుమతి యిచ్చుచున్నారు, ఎన్నిటిని తిరస్కరించుచున్నారు అను రెండు అంకెలను నెలనెలా ప్రకటించినచో జనులే తీర్పు చెప్పుకొందురు.

తుదకు డయాలిసిసు రోగుల మాట. మూత్రపిండములు చెడినవానికి వారమునకు రెండుమూడు మారులు రక్తశుద్ధి జరుగవలెను. అది పథకమున ఉచితము. అట్టివారికి నెలకు 10,000 రూపాయల పింఛనును కలదు. చికిత్సతోపాటు బ్రతుకుదెరువును లెక్కలోనికి తీసికొన్న ఏర్పాటులలో ఇది యొకటి. అయినను మైదుకూరు మండలపు పల్లెనుండి ప్రొద్దుటూరికో కడపకో వారమునకు మూడుమారులు పోయి వచ్చుట యనగా నెలకు పండ్రెండు పదమూడు ప్రయాణములు. తోడుగా వచ్చువారికి అన్ని దినముల కూలి నష్టము. ఊరికి చేరువగా మరికొన్ని యంత్రములు నెలకొల్పుట ఏ బీమా పరిమితిని పెంచుటకంటెను వీరి యింటికి ఎక్కువ మిగుల్చును.

పథకమున చేరిన ప్రతి ఆసుపత్రిలోను రోగులకు త్రోవ చూపుటకు ఒక మిత్ర యుండును. మొదట ఆరోగ్యమిత్ర యనిరి, పిమ్మట వైద్యమిత్ర యనిరి. ఇంటికి పంపునాడు పది దినముల మందులును, తిరుగు ప్రయాణపు ఖర్చును ఆసుపత్రియే ఈయవలెనని మొదటినుండియు నియమము. కొన్ని జబ్బులకు ఏడాదివరకు తరువాతి పరీక్షలును మందులును ఉచితము. ఈ నియమములు తెలియకపోవుటచేత తమకు రావలసినదానిని అడుగకయే బస్సెక్కువారు కలరు. బస్సెక్కుటకు ముందు ఆ మిత్రను అడిగి, డిశ్చార్జి కాగితముపై తిరిగి రావలసిన తేదీని వ్రాయించుకొనవలెను. అక్కడ పని కానిచో 104 సంఖ్యకు ఫోను చేసి చెప్పవచ్చును.